అమ్మ వేసుకోని మాత్రలు

పోయిన వారం మనం కారు నడపడం నేర్పే బ్రేకు మేడాన్ని ఆసుపత్రి వరండాలో వదిలేశాం. కడుపులో పుండు పగిలి, గిన్నెడు రక్తం కక్కుకున్న తల్లిని లోపలికి తీసుకెళ్ళారు. గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ బయటికి వస్తూనే కసిరింది. "కీళ్ళనొప్పుల బిళ్ళతో పాటు కడుపుకి ఏమీ కాకుండా ఇంకో మాత్ర రాశాను కదా, మిసోప్రోస్టాల్. వేరే ఏదీ ఆవిడకి పడదని తెలిసే రాశాను. ఎందుకు మాన్పించారు?"

మాన్పించలేదు. మాత్రలు అయిపోయాయని అమ్మ అంటే, బ్రేకు మేడమే కొనడానికి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా "అన్నయ్యా" అని పిలుస్తున్న మందుల షాపాయన, కౌంటరు ముందు జనమంతా చూస్తుండగా చీటీ వెనక్కి నెట్టేసి, "పెళ్ళి కాని ఆడదానికి ఈ మాత్రతో ఏం పని?" అన్నాడు. ఆ మాటకి కాళ్ళొచ్చాయి. కారు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. అమ్మ మాత్రం, "పోనీలే, నాకు బాగానే ఉంది," అంటూ వచ్చింది. రక్తం కక్కేదాకా అలాగే అంది.

అమ్మకి గండం గడిచిందని డాక్టరమ్మ పొద్దున చెప్పింది. ఆ మాట వినేదాకా బ్రేకు మేడానికి భయం తప్ప మరోటి లేదు. విన్న మరుక్షణం భయం ఖాళీ చేసిన చోట్లోకి కోపం వచ్చి కూర్చుంది.

డ్రైవింగు స్కూలు కారు గేటు బయటే ఉంది. స్టీరింగు ముందు గుమాస్తా గారు కూర్చుని ఉన్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కారు నేర్చుకోవాలని ముచ్చటపడ్డ మనిషి. వీధిలో పుకారు పుట్టాక కూడా మానకుండా వస్తున్న శిష్యుడు ఆయనొక్కరే.

"ఇవాళ పాఠం వద్దంటే వెళ్ళిపోతానమ్మా," అన్నారాయన.

"పాఠం ఉంది. మందుల షాపు దాకా పోనివ్వండి."

ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఆ సీటు కింద ఆమె కాలికి అందేలా ఇంకో బ్రేకు ఉంటుంది. ఎదుటివాడు తప్పు చేయకముందే పసిగట్టి దాన్ని తొక్కుతుంది కనకే ఆమెకు ఆ పేరు. ఆ వేళ మాత్రం దారి పొడుగునా ఆ బ్రేకు మీద కాలు పెట్టలేదు. గుమాస్తా గారు ఒక సైకిలు హ్యాండిలుని రాసుకుంటూ పోయినా పట్టించుకోలేదు. ఆయనకే గుండె దడ పుట్టి, షాపు ఇంకా కాస్త దూరం ఉండగానే బండి ఆపేశారు.

షాపు ముందు ఎప్పటిలాగే జనం. స్టీలు కౌంటరు వెనక అద్దాల బీరువాలు, వాటి ముందు ఇస్త్రీ నలగని చొక్కాలో షాపాయన. కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, కత్తెరతో మాత్రల అట్టలు ముక్కలు చేస్తున్నాడు. ఆమె నేరుగా కౌంటరు దగ్గరికి పోయింది.

"మా అమ్మ చావలేదు. చెప్పి పోదామని వచ్చాను."

అతను తలెత్తలేదు. "వరసలో రండి."

"వరసలో ఉన్నప్పుడే కదా నా పరువు తీశావు? వీళ్ళందరి ముందే మాట్లాడదాం."

ఆమె నోట 'నువ్వు' వినడం అదే మొదటిసారి. అతని కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఆమె డాక్టరమ్మ కొత్తగా రాసిన చీటీ కౌంటరు మీద పరిచింది.

"చదువు. గట్టిగా చదువు. ఆ రోజు గట్టిగానే అడిగావుగా, ఏం పని అని. దేనికని రాసి ఉంది? కడుపులో పుండుకని రాసి ఉందా లేదా? పేరు ఎవరిది? నాదా, మా అమ్మదా?"

"చీటీలు ఎవరైనా రాయించుకుంటారు. ఆ మాత్ర దేనికి వాడతారో ఊరందరికీ తెలుసు."

"ఊరికి తెలిసింది పావలా వంతు. మిగతాది డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది, నువ్వూ విను. కీళ్ళనొప్పుల బిళ్ళ కడుపు లోపలి పొరని తినేస్తుంటే ఈ మాత్ర దాన్ని కాపాడుతుంది. అదే మాత్ర గర్భసంచిని బిగిస్తుంది. కాన్పయ్యాక రక్తం ఆగని తల్లికి అదే పెట్టి ప్రాణం నిలబెడతారు. వద్దనుకున్న కడుపుకీ డాక్టర్లు రాస్తారు, దాచేదేం లేదు. కడుపులోనే బిడ్డ పోయి బయటికి రాని వాళ్ళకీ..."

కత్తెర కౌంటరు మీద పడింది. దానంతట అది జారిందో, అతనే విసిరాడో తెలియలేదు.

"నోరు ముయ్," అన్నాడు.

అంతవరకు అతను ఎవరితోనూ అలా మాట్లాడింది లేదు. ముసలివాళ్ళకి మాత్రలు ఏ పూట ఏది వేసుకోవాలో అట్టల మీద పెన్నుతో రాసిచ్చే మనిషి. ముందు నిలబడ్డ పెద్దావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"ఎందుకు ముయ్యాలి? ఒకవేళ నేను నా కోసమే కొనుక్కుంటున్నాననుకో. డాక్టరు రాశాక నీకెక్కడ నొప్పి? నువ్వు మందులమ్ముతావా, మా గుణాలు తూకం వేస్తావా? నువ్వా మాత్ర ఇచ్చి ఉంటే మా అమ్మ రక్తం కక్కేది కాదు. ఆవిడ రక్తం నీ చేతులకే ఉంది. తుడుచుకో ఆ చేతులు, ఇస్త్రీ చొక్కాకి అంటుకుంటుంది!"

షాపాయన కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగాడు. అతని ముఖం ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. నిద్రలేక కళ్ళ కింద గుంటలు పడి ఉన్నాయి. కళ్ళలో ఉన్నది తప్పు చేసినవాడి బెరుకు కాదు. ఆమె కోపానికి ఏ మాత్రం తీసిపోని కోపం. అది ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

"ఆ రోజు ఇవ్వలేదు, నిజమే. దానికి ముందు ఇచ్చానా లేదా? నా చేత్తో ఇచ్చాను, పూర్తి అట్టలు ఇచ్చాను. మీ అమ్మ తనకి రాసినట్టు వేసుకుంటూ ఉంటే, నువ్వు వచ్చిన రోజుకి సగం కూడా అవ్వకూడదు. అయిపోయాయని ఎలా వచ్చావు? ఏమైపోయాయి ఆ మాత్రలు?"

ఆమె చీటీలో రోజుకెన్నని రాసి ఉందో వెతికి, వేళ్ళ మీద లెక్క కట్టింది. 

"నన్ను కాదు, ఇంటికెళ్ళి మీ అమ్మని అడుగు. ఎవరి కొంప ఆర్పడానికి పంచిపెట్టిందో అడుగు. ఆమె చేసిన పనికి ఆమెకి తగిన శాస్తే జరిగింది."

వెనక జనంలో ఎవరో "అవును కదా, లెక్క కుదరాలిగా," అని గొణిగారు. ఆ గొణుగుడు ఆమె వీపుకి చురకలా తగిలింది. ఆసుపత్రిలో ఉన్న తల్లికి శాస్తి జరిగిందన్న మనిషిని చెంప మీద కొట్టాలని చెయ్యి లేచింది కూడా. కానీ ఆ లెక్క ఆమెకీ కుదరడం లేదు. చీటీ లాక్కుని వచ్చి కారులో కూలబడింది.

"క్లచ్చు నొక్కమంటారా అమ్మా?" అన్నారు గుమాస్తా గారు భయం భయంగా.

"ఏదో ఒకటి నొక్కండి. ఇక్కణ్ణించి పోదాం."

*

అమ్మ మంచం కిటికీ పక్కన. చేతికి రక్తం సీసా ఎక్కుతోంది. ఏళ్ళ తరబడి కుట్టుమిషను మీద వంగిన మనిషి, పడుకున్నా వీపు పూర్తిగా పరుపుకి ఆనలేదు. వంకర్లు తిరిగిన వేళ్ళు దుప్పటి మీద ఏదో గుడ్డని సరిచేస్తున్నట్టు కదులుతున్నాయి.

"ఎక్కడికెళ్ళావే?"

"షాపుకి."

అమ్మ కళ్ళు మూసుకుంది. "అరిచావా?"

"అరవక ముద్దు పెట్టుకోవాలా? అమ్మా, నేనొకటి అడుగుతాను. నీరసం, నిద్ర అని తప్పించుకోకు. అయిపోయాయని నన్ను పంపించావే, నిజంగా వేసుకునే అయిపోయాయా?"

దుప్పటి మీద తల్లి వేళ్ళు ఆగిపోయాయి. 

"ఎవరికిచ్చావు?"

"మాటిచ్చానే అమ్మడూ."

"నాకు పరువు పోయింది. నీకు ప్రాణం పోబోయింది. ఇంకా మాటా? ఎవరికమ్మా?"

తల్లి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "వాళ్ళావిడకే."

"ఎవరి ఆవిడకి?"

"షాపాయన భార్యకి."

వార్డులో పక్క మంచం మనిషి దగ్గుతోంది. ఎవరో తోపుడు బండి చక్రాలు కీచుమనిపిస్తూ పోయారు. బ్రేకు మేడం స్టూలు లాక్కుని, తల్లి ముఖంలోకి ముఖం పెట్టి కూర్చుంది.

"ఆ పిల్ల బట్టలు తెచ్చింది," అంది తల్లి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఇన్నేళ్ళకి కడుపు పండిందని ఎంత మురిసిపోతూ వదులు చేయించుకుందనీ! అవే బట్టలు మళ్ళీ పట్టుకొచ్చి బిగించమంది. టేపు పెట్టి చూస్తే పొట్ట కొలత అలాగే ఉంది. ఎందుకే తల్లీ ఇప్పుడు బిగించడం అన్నాను. అంతే, మిషను పక్కన కూలబడిపోయింది. స్కానులో గుండె ఆగిపోయిందన్నారట. నమ్మలేక ఇంకో చోట చూపించుకుందిట. అక్కడా అదే మాట. ఆసుపత్రిలో చేరు, మాత్రతో బిడ్డని బయటికి పంపించేద్దాం, ఆలస్యమైతే నీకే ప్రమాదం అని చీటీ రాశారట. మొగుడు చేరనివ్వలేదు. మిషన్లు తప్పు చెబుతున్నాయి, నా బిడ్డ ఉంది, ఆ మాత్ర నా ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు అన్నాడట."

"మందుల షాపు పెట్టుకుని?"

"మందుల షాపు పెట్టుకునే. చుట్టుపక్కల షాపుల వాళ్ళందరికీ ఆ పిల్ల ఎవరో తెలుసు. ఎక్కడికని పోతుంది? చీటీ నా చేతిలో పెట్టింది. చూస్తే నా మాత్ర పేరే ఉంది. మన డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది నాకు, కడుపుతో ఉన్నవాళ్ళ చేతికి దీన్ని పోనివ్వకమ్మా అని. అందుకే ముందు ఇవ్వనన్నాను. పద, నేను తోడొస్తాను, ఆసుపత్రికి పోదాం అన్నాను. మొగుడికి తెలిస్తే చంపేస్తాడంది. నా కాళ్ళు పట్టుకుందే! చచ్చిన బిడ్డని మోస్తూ వంట చేస్తున్నాను పెద్దమ్మా అంది. అదింక విని ఎలా ఊరుకోను? ఉన్నవన్నీ ఇచ్చేశాను."

"ఇచ్చేసి, నీ నొప్పుల బిళ్ళ మాత్రం మింగుతూ కూర్చున్నావు."

"మింగకపోతే వేళ్ళు మడవవు. వేళ్ళు మడవకపోతే కుట్టెలాగ?"

"నువ్వేమన్నా డాక్టరువా మందులు పంచడానికి?" బ్రేకు మేడం గొంతు వార్డంతా వినిపించింది. నర్సు తొంగి చూస్తే గొంతు తగ్గించింది కానీ కోపం తగ్గలేదు. "ఆ పిల్లకి ఏదైనా అయితే? పక్కన ఎవరూ లేకుండా రక్తం పోతే? నీకు జవాబు చెప్పే దిక్కుందా? నాకొక్క మాట చెబితే నేను తీసుకెళ్ళి చేర్పించేదాన్ని కాదా?"

"నీకు చెబితే నేరుగా వాడి షాపుకి పోయి అరుస్తావని చెప్పలేదు."

"అరిచే వచ్చాను!"

అంత నీరసంలోనూ తల్లికి నవ్వొచ్చింది. నవ్వితే కడుపులో పట్టేసింది. కూతురు చప్పున చెయ్యి పట్టుకుంది, పట్టుకున్న చెయ్యి వదలకుండానే తిట్టడం సాగించింది. తిట్టింది తల్లిని కాదు. భార్యకి రాసిన మందు అందనివ్వక, తన గుణం గురించి ఊరికి చెప్పిన పెద్దమనిషిని. ఒక్క మాట చాలు. ఇప్పుడే వెళ్ళి, ఆ కౌంటరు ముందు నిలబడి, "మా అమ్మ మాత్రలు నీ ఇంటికే చేరాయి," అంటే చాలు. పోయిన పరువు తిరిగొస్తుంది, ఆ ఇస్త్రీ చొక్కా నలుగుతుంది.

తల్లి ఆమె ముఖం చూసే కనిపెట్టింది. "ఆ మాట నీ నోటి నుంచి రాకూడదు. వాడి మీద కోపంతో ఆ పిల్లని వీధిలో నిలబెడతావా?"

"నన్ను నిలబెట్టాడుగా!"

"నువ్వు నిలబడగలవు. అది నిలబడలేదు."

అంతకంటే మండే మాట ఆ పూట ఆమె వినలేదు. గట్టిదానివి అన్న పేరుతో ఎంతకాలం అందరి బరువూ తన నెత్తిన పెడతారు? ఆ మాటే అనబోతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా," అంది అవతల ఆడగొంతు, చాలా సన్నగా. "పెద్దమ్మ ఎలా ఉన్నారు? రక్తం కక్కుకున్నారని ఇప్పుడే తెలిసింది. నా వల్లే కదూ."

బ్రేకు మేడం లేచి నిలబడింది. ఎవరో చెప్పనక్కర్లేదు. నోటి దాకా వచ్చిన తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి.

"అమ్మ బాగానే ఉంది. నీ సంగతి చెప్పు. తగ్గిందా? ఆ మాత్రలు వేసుకున్నాక ఆసుపత్రిలో చూపించుకున్నావా?"

"వేసుకోలేదక్కా."

"ఏంటి?"

"ఆ రోజు ఇంటికి రాగానే ఆయన చూసేశారు. నా చేతిలోంచి లాక్కుని కాలవలో పోసేశారు. ఎవరిచ్చారని అడిగారు. చెప్పకూడదనే అనుకున్నానక్కా. చెప్పేదాకా వదల్లేదు."

బ్రేకు మేడానికి ఇప్పుడు లెక్క కుదిరింది. అయితే తను చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళిన రోజుకే అతనికి అంతా తెలుసు. మాత్రలు ఎందుకయిపోయాయో తెలుసు. అవి లేకపోతే తన తల్లి కడుపు ఏమవుతుందో, మందులమ్మే మనిషికి తెలియకుండా ఉండదు. అన్నీ తెలిసే లేదన్నాడు. జనానికి అతని ఇంటి మీద అనుమానం రాకుండా ఉండటానికి ఆ బురద తన మీద చల్లాడు. ఇవాళ పొద్దున తన ముఖంలోకి చూస్తూ, ఏమైపోయాయి ఆ మాత్రలు అని అడిగాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా నీకు?" తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"చలేస్తోందక్కా. నిన్నట్నుంచీ ఒళ్ళు కాలిపోతోంది, వణుకు ఆగట్లేదు. ఏదో వాసన... నాకే భరించడం కష్టంగా ఉంది. ఆసుపత్రికి పోదామంటే, సాయంత్రానికి తగ్గుతుందని చెప్పి ఏదో బిళ్ళ ఇచ్చి షాపుకెళ్ళారు. నేను వెళ్ళిపోతానని బయట తాళం వేశారు. ఇది పక్కింటావిడ ఫోను, కిటికీలోంచి..."

మాట మధ్యలో ఏదో మెత్తగా పడ్డ చప్పుడు. తర్వాత ఎవరో ముసలి గొంతు దూరంగా, "ఏమ్మా, ఏమ్మా," అని పిలవడం. అంతే.

నర్సు అప్పటికే పక్కకి వచ్చి నిలబడింది. విన్నది చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. "బిడ్డ లోపలే ఉండిపోయి చీము పట్టి ఉంటుంది. విషం రక్తంలోకి ఎక్కితే మనిషి దక్కదు. అంబులెన్సు ఇప్పుడే వేరే కేసుకి పోయింది, తిరిగి రాగానే పంపిస్తాను. మీరు ముందు తీసుకురాగలిగితే తెచ్చెయ్యండి. నేను కాన్పుల డాక్టరుకి చెప్పి ఉంచుతాను."

తల్లి కూతురి మణికట్టు పట్టుకుంది. "వెళ్ళు," అంది. "ఈసారి ఎంత గట్టిగా అరుస్తావో అరువు."

గుమాస్తా గారు కారులో కునుకు తీస్తున్నారు. "బాబాయిగారూ, పక్కకి జరగండి," అని స్టీరింగు అందుకుంది. దారిలో ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. మలుపుల దగ్గర మాత్రం, అలవాటు లేని సీట్లో కూర్చున్నందుకో ఏమో, రెండో బ్రేకు తొక్కబోయి కాలు వెనక్కి తీసుకున్నారు.

షాపాయన ఇల్లు షాపుకి రెండు వీధుల అవతల. నీలం రంగు తలుపుకి బయట పెద్ద తాళం వేలాడుతోంది. కిటికీ దగ్గర పక్కింటి ముసలావిడ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ ఏడుస్తోంది. "కింద పడిపోయిందమ్మా. పిలిస్తే పలకట్లేదు."

బ్రేకు మేడం కిటికీలోంచి చూసింది. నేల మీద దుప్పటి కుప్ప. అందులోంచి బయటికి చాచిన ఒక చెయ్యి. ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది. వణుకుతోంది కాబట్టి ప్రాణం ఉంది.

వెనక స్కూటరు ఆగిన చప్పుడైంది. ఎవరో కబురు చేసినట్టున్నారు, షాపాయన స్టాండు కూడా వేయకుండా బండి పడేసి పరుగెత్తుకొచ్చాడు. వచ్చి తాళం తీయలేదు. తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. తాళంచెవి గుప్పిట్లో ఉంది.

"తియ్యి," అంది ఆమె.

"నా బిడ్డ ఉంది లోపల. మీ అమ్మ చంపబోయింది, ఇప్పుడు నువ్వొచ్చావు. చంపనివ్వను."

"లోపల ఉన్నది నీ భార్య. నేల మీద పడుంది. వెనక్కి తిరిగి చూడు."

"మిషన్లు తప్పు చెబుతాయి. ఇన్నేళ్ళు ఎదురు చూశాను. నీకేం తెలుసు? నీకెవరున్నారు?" అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అతనికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. "సాయంత్రానికి జ్వరం తగ్గుతుంది. నేను మందిచ్చాను. నాకు మందులు తెలుసు!"

పొద్దున్నించీ ఆమె లోపల మండుతున్నది, ఆ కన్నీళ్ళు చూసి ఆరిపోలేదు. జాలి కలిగింది, నిజమే. కానీ కిటికీ అవతల చెయ్యి వణకడం తగ్గిపోతోంది. ఆ జాలికి ఇప్పుడు టైము లేదు.

కారు డిక్కీ తెరుచుకున్న చప్పుడు వినిపించింది. గుమాస్తా గారు జాకీ రాడ్డు రెండు చేతులా పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చారు. "ఇది పనికొస్తుందా అమ్మా?"

బ్రేకు మేడం రాడ్డు అందుకుంది. తాళానికీ ఆమెకీ మధ్య షాపాయన నిలబడే ఉన్నాడు. ఆమె రాడ్డుని భుజం మీదికి ఎత్తింది.

"ఈ దెబ్బ తాళం మీదా, నీ మీదా? నువ్వే తేల్చుకో, అన్నయ్యా."